అన్నయ్య పచ్చజెండా

బిలాస్‌పూర్, 1941, శ్రావణ మంగళవారం

పచ్చజెండా పట్టుకోగానే నా చెయ్యి ఎందుకు వణుకుతోందో ఈ రోజు తెలిసింది. తెలియకపోతేనే బాగుండేది.

రైల్వే డాక్టరు ఎప్పటిలాగే బల్లమీద పడుకోబెట్టి, మనసుకు తోచిందల్లా చెప్పమన్నాడు.

“అచ్ఛా, మీ అన్న షంటింగులో బండి కింద పడి చనిపోయాడని కబురొచ్చినప్పుడు మొదట ఏం తోచింది?”

ఏడుపొచ్చిందని చెప్పబోయాను. “ఆయన ఉద్యోగం నాకిస్తారని” అనేసింది నా నోరు.

ఇచ్చారు కూడా. ఆ జెండా, ఈ క్వార్టరు, అన్నీ. లోపల ఇంకా ఏముందోనని భయంగా ఉంది.

ఇంటికొచ్చేసరికి వదిన గుమ్మంలోనే ఉంది. “డాక్టరు ఏటన్నాడు బాబూ?”

“నిద్ర లేకేనట వదినా.”

“మరి మీ అన్నంటే నీకు పేనం కదేటి” అంటూ అన్నయ్య కంచంలోనే అన్నం పెట్టింది.

మారు అడిగి మరీ తిన్నాను.