కొండకు తలంటు

తుమ్మలమిట్ట, పుంగనూరు తాలూకా,
1946 జూలై 14, ఆదివారం.

చిరంజీవి తమ్ముడు కృపాదానానికి అక్క సంతోషమ్మ దీవించి రాయడమేమనగా, ఇక్కడ అమ్మా నేనూ ప్రాణాలతో ఉన్నాం. కుప్పంలో నీ క్షేమం అడగాలి, అడిగాననుకో. ప్రభువు కృప నీకు తోడై ఉండాలని కూడా రాయాలి. ఆరాధన నుంచి ఇప్పుడే వచ్చాను గనక అదీ రాస్తున్నాను. నా మనసులో మాత్రం నీమీద అంత కృప లేదు.

నీ జాబు అందింది. చట్టం ముందు బావైనా ఒకటే, పరాయివాడైనా ఒకటే అని రాశావు. చదివి పొయ్యిలో పెట్టాను. ఇరవైమూడో తేదీ మంగళవారం మదనపల్లె కోర్టులో నిలబడి, అడవికి నిప్పు పెట్టింది మీ బావ సత్యానందమేనని నువ్వు సాక్ష్యం చెబితే ఆయనకు జైలు ఖాయం. ఆ సంగతి తెలిసీ అంత గుండ్రటి దస్తూరితో, ఒక్క కొట్టివేత లేకుండా రాశావు చూడు, అక్కడ మండింది నాకు.

ఇంతకీ నువ్వు చూసిందేమిటి? మండుటెండలో కొండ తగలబడుతుంటే మీ బావ ఒళ్ళంతా మసితో, చేతిలో మాడిన తంగేడు మండతో దిగి వచ్చాడు. అది మంట ఆర్పడానికి బాదిన మండ. పచ్చి తంగేడుతో ఎవడైనా నిప్పు పెడతాడా? అడవి గార్డు ఉద్యోగం చేసేవాడికి ఆ మాత్రం తట్టలేదా? రేంజరు గద్దించి అడిగితే ఆయన తల వంచుకుని 'నేనే' అన్నాడు. నీకు ఆ ఒక్క మాట చాలింది. పిలాతు మాదిరి చేతులు కడుక్కుని బదిలీ మీద కుప్పం వెళ్ళిపోయావు.

పైగా అగ్గి పెడితే గడ్డి నాశనమవుతుందని నాకే పాఠం చెబుతావా? మన ఆడవాళ్ళు ఏటేటా కొండకు తలంటు పోస్తుంటే చూస్తూ పెరిగినవాడివే కదరా. మొదటి వానకు నేల తడిశాక, గాలి తగ్గిన సాయంత్రం పెట్టే నిప్పు అది. పైనున్న ఎండు బోదగడ్డి కాలిపోతుంది, కింద తడి నేలలో దుబ్బు బతికే ఉంటుంది. దానికి వెలుతురు తగిలి లేత గడ్డి లేస్తుంది. అది పిక్కల ఎత్తు పెరిగేదాకా ఒక్క ఆవును కూడా అటు పోనివ్వకుండా అమ్మ కర్ర పట్టుకుని కాసేది. ఆ గడ్డి మేసిన పొట్టి ఆవుల పాలే నిన్ను మదనపల్లె మిషను బడిలో చదివించాయి. నీ ఒంటి మీద ఖాకీ కూడా వాటి పుణ్యమే.

ఈసారి అట్లా జరగలేదు, అది ఒప్పుకుంటాను. నేల ఎండి ఉండగానే నిప్పు పడింది. మొన్న పైకెక్కి చూశాను. ఇన్ని వానలు పడినా మిట్టన గడ్డి లేదు. దుబ్బులు వేళ్ళతో సహా మాడిపోయి, చేత్తో లాగితే ఊడి వస్తున్నాయి. వాటి సందుల్లో పందిముల్లు మొలుస్తోంది. రేపు అది ముదిరితే గొర్రెల తోలులో కూడా గుచ్చుకుంటుంది. వంక పక్కన, చెమ్మ ఉన్న చోట మాత్రం పచ్చగా ఉంది. నువ్వు మీ అడవి శాఖ నాటిన చందనం మొక్కలు కాలిపోయాయని బాధపడుతున్నావు. నాకు మేతా పోయింది, ఇంటి మనిషీ జైలు పాలయ్యాడు.

మీ బావ పుట్టింది ఈ కొండ కిందే. ఎప్పుడు కాల్చాలో, ఎప్పుడు కాల్చకూడదో ఆయనకు తెలియదా? తెలిసినవాడు ఎండు నేల మీద ఎందుకు నిప్పు పెడతాడని నువ్వు ఒక్కసారైనా ఆలోచించలేదు. నా కోపమంతా అందుకే.

పలమనేరు మీదుగా బస్సులో వచ్చేటట్టయితే ముందురోజే ఇంటికి రా. అన్నం పెడతాను. మాట్లాడతానని మాత్రం అనుకోవద్దు.

ఇట్లు,
నీ అక్క
సంతోషమ్మ

తా.క. నీకు చెప్పవద్దని మీ బావ సబ్‌జైలు ఊచల అవతలి నుంచి నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఇందాక సంతకం పెట్టేదాకా నిలుపుకున్నాను, ఇక నావల్ల కాదు. నిప్పు పెట్టింది అమ్మ. ఈస్టరుకు వచ్చినప్పుడు కొత్త ఖాకీలో అరుగు మీద కూర్చుని, 'ఏమ్మా, ఈ తూరి కొండకు తలంటు పొయ్యవా' అని నవ్వావు, గుర్తుందా? నువ్వు ఎగతాళికి అన్నావు. కొండకు కావలి ఉన్న కొడుకే సెలవిచ్చాడని ఆమె అనుకుంది. నీకు బదిలీ అని విని, కొత్త గార్డు ఒప్పుకోడేమోనని వాన కోసం ఆగలేదు. ఇది బయటపడితే అమ్మ జైలుకు పోతుంది, నీ ఉద్యోగమూ పోతుంది. మీ బావ 'నేనే' అన్నది అందుకే.

ఆమె ఎవరి దగ్గరా నోరు జారకుండా నేను కాపలా కాస్తున్నాను. ఆమెకు మాత్రం దిగులే లేదు. వంక పక్క గడ్డి కోసుకొచ్చి దూడకు వేస్తూ, 'వాడు సెలవిచ్చినాకే గదమ్మా నేను అగ్గి పెట్టింది. మంగళవారం వాడే వొచ్చి ఆ మాట సెప్తాడులే' అంటోంది.