యూసుఫ్ ఆటకు వెళ్లిన సాయంత్రం

మిత్రమా రహీం,

నీవు కన్నుమూసి నేటికి ఏడాది. పోలీస్ యాక్షన్ తరువాత, రజాకార్లన్న అనుమానంతో యువకులను పట్టుకుపోతున్నారు. అందుకే నీ మనుమడు యూసుఫ్‌ను మెట్టుగూడలో మా ఇంట దాచాను. ఈ సాయంత్రం వాడి కాలేజీ ఫుట్‌బాల్ జట్టు మా వాకిట నిలిచింది.

"పంతులుగారూ, యూసుఫ్‌ను జెర పంపుండ్రి. ఇయ్యాల మౌలాలి జట్టుతోని ఆఖరి ఆట. గోల్‌కీపర్ లేడు" అన్నాడు కెప్టెన్ నర్సింగ్.

"ఇక్కడ ఎవరూ లేరు నాయనా" అన్నాను.

"మరి దండెం మీద ఆ జెర్సీ ఎవరిది? ఈ వయసుల మీరు సుత గోల్ కాస్తున్నరా?"

వాడు నవ్వాడు. ఆ నవ్వులో ఉన్నది స్నేహమో, వంచనో పోల్చుకోలేకపోయాను. ఇంతలో యూసుఫే బయటికి వచ్చి, తడి ఆరని ఆ జెర్సీ తొడుక్కున్నాడు.

"పోయొస్త తాతా. నేను లేకుంటే వీళ్లు గంపెడు గోల్స్ తింటరు."

వాడిని నడుమ ఉంచుకొని అందరూ వెళ్లారు. నేను అరుగుపై కూర్చొని శరణాగతి శ్లోకం మొదలుపెట్టి, మధ్యలో మరచిపోయాను.

ఇప్పుడే మైదానం వైపు పెద్ద కేక లేచింది. ఒకప్పుడు అదే గోల్ ముందు నిలిచిన నీవైతే, అది గోల్ కేకో, వాడిని పట్టుకున్న కేకో విని చెప్పేవాడివి. నాకు తెలియదు రహీం. తలుపు తెరిచే ఉంచాను.