తమ్ముడి టీవీ ముప్పై ఎనిమిది అంగుళాలు

జూన్ 3, సోమవారం

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది కాబట్టి ముందు అదే రాస్తాను. నా తమ్ముడు నాచేత ఒక స్టాండు చేయించుకున్నాడు. సామాన్లు పెట్టుకోవడానికి అన్నాడు. సొంత తమ్ముడు కదా అని మంచి చెక్క ఏరి, అంచులు గుండ్రంగా తిప్పి, మూడు రోజులు కూర్చుని చేశాను. నాలుగో రోజు దాని మీద రంగుల టీవీ పెట్టాడు. మా వీధుల్లో అదే మొదటిది. పెద్దవాణ్ణి నేనుండగా నాకు ఒక్క మాట చెప్పలేదు. ఆ సాయంత్రం జనమంతా వాళ్ళింట్లోనే. నాకు గుమ్మం దగ్గర చోటు దొరికింది. ఎవరో స్టాండు భలే ఉందే అంటే వాడు టీవీ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

ఈ డైరీ నేను కలప కోయించే మిల్లు వాళ్ళు ఇచ్చింది. నేను నాలుగో తరగతితో బడి మానేశాను. తప్పులుంటే ఉంటాయి. ఎవరికీ చూపించేది కాదు.

రాయడానికి కారణం, మా టీవీ నిన్న చచ్చిపోయింది. పాత డబ్బా టీవీ. మెకానిక్ వెనక మూత తీసి చూసి, దీనికి పార్టులు రావు బాబాయ్, దండం పెట్టి వదిలెయ్ అన్నాడు. ఏడింటికి సీరియల్. ఆరూ యాభైకి మా ఆవిడ చీర సర్దుకుని తమ్ముడి ఇంటికి బయల్దేరింది. పక్క వీధే. ఎనిమిదిన్నరకు తిరిగొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

జూన్ 4, మంగళవారం

ఈ రోజూ వెళ్ళింది.

జూన్ 6, గురువారం

వరసగా అయిదో రోజు.

సీరియల్లో అత్త కోడలి నగలు దాచేసిందట. అప్పుడు మా మరదలు ఏదో అందట. ఇద్దరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారట. ఏమందో నాకూ చెప్పు అన్నాను. మీకు అర్థం కాదులెండి అంది. నలభై ఒక్క ఏళ్ళ కాపురం. నాకు అర్థం కాని నవ్వు తమ్ముడి ఇంట్లో ఉందట.

కొత్త టీవీ కొంటున్నాను, ఇక ఎవరి గడపా తొక్కక్కర్లేదు అని చెప్పేశాను. టీవీకేం తొందర అండీ, నా మోకాళ్ళు చూడండి, పైకి లేవాలంటే... అని ఏదో మొదలెట్టింది. ముందు టీవీ, తర్వాత నీ మోకాళ్ళు అన్నాను. లేచి వంటింట్లోకి పోయింది. ద్వారబంధం పట్టుకుని లేచింది.

చేతిలో పద్దెనిమిది వేలున్నాయి. అంతకు మించి లేదు. అటక మీద టేకు పలక ఒకటుంది. పదకొండేళ్ళుగా దాచాను. చెదలు లేదు, పగులు లేదు, ముడి ఒక్కటంటే ఒక్కటి లేదు. అది అమ్మితే ఇంకాస్త పెద్ద టీవీ వస్తుంది. అమ్మను. దాంతో స్టాండు చేస్తాను. ఈసారి నా స్టాండు మీద నా టీవీ.

జూన్ 9, ఆదివారం

తమ్ముడి స్నానాల గది తలుపు బిగుసుకుందని కబురు వచ్చింది. చిత్రిక తీసుకుని వెళ్ళాను. వాడు ఇంట్లో లేడు. మరదలు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఆ స్టాండు మీద ఇప్పుడు పలచటి టీవీ ఉంది, రెండేళ్ళ కిందట కొన్నాడు. నడుముకున్న టేపు తీసి ఈ అంచు నుంచి ఆ అంచుకి పట్టాను. ముప్పై ఎనిమిది అంగుళాలు. నూలుపోగు తేడా లేదు. మళ్ళీ పట్టాను. ముప్పై ఎనిమిదే.

టీ గ్లాసుతో మరదలు వచ్చి, బావగారూ, తలుపు అటు కదా ఉంది అంది. గోడ వంకర చూస్తున్నానమ్మా అన్నాను.

జూన్ 11, మంగళవారం

మూడు షాపులు తిరిగాను. కాళ్ళు పీకుతున్నాయి.

మొదటి దాంట్లో నన్ను చూసి ముప్పై రెండు అంగుళాలది చూపించారు. చొక్కాను బట్టి చూపిస్తారు కాబోలు. రెండో దాంట్లో టీవీతో మాట్లాడొచ్చు అన్నాడు. ఇంట్లో మనిషే మాట్లాడటం లేదు, టీవీతో ఏం మాట్లాడను. మూడో షాపులో కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ ఓపిగ్గా అన్నీ చెప్పింది. ముప్పై రెండు, నలభై, నలభై మూడు, యాభై, ఇలా వస్తాయట. మధ్యలోవి రావట. నలభై పదిహేడున్నర వేలు. నలభై మూడు ఇరవై మూడు వేలు. నెలనెలా కట్టుకోవచ్చు బాబాయ్‌గారూ, నలభై మూడు తీసుకోండి అంది. నా వయసులో నెలలు నమ్ముకుని ఏదీ కొనను అన్నాను.

నలభై అంటే నలభయ్యేనా అని నిలదీశాను. నలభయ్యే, అట్ట మీద రాసుంది చూడండి అంది. చూశాను. అంకెలు చదవగలను. టీవీని టేపుతో చూద్దామంటే అది గోడకి నా చేతికందనంత ఎత్తున ఉంది. అట్టపెట్టె సీలు విప్పరట. మీరెంత దూరంలో కూర్చుంటారు, గది కొలత ఎంత అని ఆవిడ అడగబోయింది. నలభై ఏళ్ళు కొలతల మీదే బతికాను, నాకు కొలతలు చెప్పకమ్మా అన్నాను. ఆవిడ నవ్వి బిల్లు రాసింది.

నలభై. వాడిది ముప్పై ఎనిమిది. రెండు అంగుళాలు. చాలు.

జూన్ 15, శనివారం

వచ్చింది. బిగించినవాడు కింద రెండు ప్లాస్టిక్ కాళ్ళు తగిలించి, గోడవార ఉన్న పాత బల్ల మీద నిలబెట్టి పోయాడు. కాకికాళ్ళలా ఉన్నాయి. పరవాలేదు, రేపటి నుంచి టేకు స్టాండు మొదలుపెడతాను.

బాగుంది అండీ అంది మా ఆవిడ. ఇంట్లోనే సీరియల్ చూసింది. నేను పడక కుర్చీలో, ఆవిడ పీట మీద. సగంలో నేను అన్నాను, ఆ అత్తకి బుద్ధి లేదు, ఆ కోడలికి నోరు లేదు, తీసినవాడికి పని లేదు అని. ఆవిడ ఒక్కసారి కూడా నవ్వలేదు.

తొమ్మిదిదాకా చూస్తూ కూర్చున్నాను. నాకు మాత్రం నవ్వొచ్చింది.

జూన్ 16, ఆదివారం

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

తమ్ముడు, మరదలు టీవీ చూడ్డానికి వచ్చారు. వాడు చేతులు వెనక్కి కట్టుకుని చూసి, బాగుంది అన్నయ్యా, ఎన్ని అంగుళాలు అన్నాడు. నలభై, నీది ముప్పై ఎనిమిదేగా అన్నాను. వాడు నాది నలభై మూడు అన్నయ్యా అన్నాడు. అబద్ధం చెప్పకురా, నేనే కొలిచాను అనేశాను. నోరు జారింది. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోడ వంకర అన్నారు కదా బావగారూ అంది.

తమ్ముడు మెల్లగా చెప్పాడు. టీవీని అడ్డంగా కొలవరట. ఈ కింది మూల నుంచి ఆ పై మూలకి పట్టి చెబుతారట. నా చేతిలోని టేపు వాడే తీసుకుని నా టీవీ మీద పెట్టాడు. మూల నుంచి మూలకి నలభై. అడ్డంగా ముప్పై అయిదు.

మూల నుంచి మూలకి. నలభై ఏళ్ళు ప్రతి ద్వారబంధాన్నీ అలాగే సరిచూశాను. ఈ మూల నుంచి ఆ మూలకి, మళ్ళీ మిగతా రెండు మూలలకీ పట్టి, రెండు కొలతలూ కలిస్తేనే గోడకెత్తనిచ్చేవాణ్ణి. వీధిలో నన్ను టేపు మామయ్య అంటారు. నేను తప్పు కొలిచిన సంగతి ఈ పాటికి పక్క వీధికీ చేరి ఉంటుంది.

వెళ్ళేటప్పుడు వాడు నా భుజం తట్టాడు. అది నవ్వినదానికంటే ఎక్కువ మండింది.

జూన్ 18, మంగళవారం

మా ఆవిడ నిన్న మళ్ళీ తమ్ముడి ఇంటికి వెళ్ళింది. ఈ రోజూ వెళ్ళింది. కొత్త టీవీ నల్లగా నా ముఖం చూపిస్తోంది.

జూన్ 19, బుధవారం

మూడు అంగుళాల కోసం వెళుతున్నావా అని అడిగాను. అంగుళాలేంటి అండీ అంది. మరి తమ్ముడి ఇంట్లో ఏముంది అన్నాను. అడిగారు కాబట్టి వచ్చి చూడండి అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

పావుగంట ఆగి వెళ్ళాను. గుమ్మం ఎక్కలేదు. కిటికీలోంచి చూశాను. తమ్ముడు లేడు, సాయంత్రాలు వాడు ఇంట్లో ఉండనే ఉండడు కాబోలు. నాకా సంగతే తెలియదు. ఇద్దరు ఆడవాళ్ళే. టీవీలో ఎవరో ఏడుస్తున్నారు. వీళ్ళు నవ్వుతున్నారు. మా ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. కాళ్ళు చిన్న స్టూలు మీద చాపుకుంది. ఆవిడ కాళ్ళు చాపుకోవడం ఎన్నేళ్ళయిందో చూసి.

ఆ కుర్చీ నాకు తెలుసు. తమ్ముడు కాపురం పెట్టినప్పుడు నేనే చేసిచ్చాను. చేతులున్న కుర్చీ. వీపు దగ్గర చిన్న వంపు, అది తీయడానికే ఒక రోజు పట్టింది. కుడి చేతి చివర పాలిష్ పోయి చెక్క తెల్లబడింది. మా ఆవిడ అరచెయ్యి సరిగ్గా అక్కడే ఉంది. సీరియల్ అయ్యాక ఆ చేతి మీద బరువు పెట్టి లేచింది. ఏ ద్వారబంధమూ పట్టుకోలేదు.

నేను ముందుగా ఇల్లు చేరి డైరీ తీశాను.

మా ఇంట్లో పడక కుర్చీ ఒక్కటే. అది నాది. ఊళ్ళో ఎన్ని కుర్చీలు చేశానో లెక్క లేదు. ఈ ఇంట్లో ఆవిడకి పీట. అది కూడా నేను చేసింది కాదు, పుట్టింటి నుంచి తెచ్చుకుంది.

జూన్ 20, గురువారం

అటక మీంచి పలక దించాను. స్టాండుకా అంది. టేపు తీసి పలక పొడుగు పట్టాను.

జూన్ 22, శనివారం

నోటితో అడుగుదామని మూడుసార్లు వంటింటిదాకా వెళ్ళాను. మూడుసార్లూ మంచినీళ్ళు తాగి వచ్చాను.

జూన్ 23, ఆదివారం

ఈ కాగితం చింపి నీ పంచదార డబ్బా కింద పెడుతున్నాను. నువ్వు నాకంటే బాగా చదువుతావు.

నీ కుర్చీకి చేతులుండాలి, అది ఖాయం. కూర్చునే ఎత్తు పదహారు అంగుళాలా, పద్దెనిమిదా? కాళ్ళకి స్టూలు విడిగా కావాలా? వీపు మాత్రం నేను అడగను, తమ్ముడి ఇంట్లో దానికంటే రెండు అంగుళాలు ఎత్తు పెడతాను. ఈసారి ఎలా కొలిచినా రెండే.

సీరియల్ వచ్చినంతసేపు నేను నోరెత్తను.

గురువారం పలక కోస్తాను, బుధవారం ఏడు లోపు చెప్పాలి. ఆరూ యాభై లోపు అయితే ఇంకా మంచిది.