గోడ అవతలి గిన్నె

మార్చి 3

పక్కింటి లిఫ్ట్ మెకానిక్ కుక్కను పెరట్లో కట్టేసి మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయాడు. గిన్నె ఎండిపోయింది. బొచ్చు అట్టలు కట్టింది. అది కుక్కో, వాడి పారేసిన డోర్‌మ్యాటో తెలియడం లేదు. గొలుసు తెంచి తెచ్చేస్తానంది చెల్లి. దొంగతనమవుతుందన్నాను. చూస్తూ ఊరుకుంటే ఏమవుతుందో కూడా నువ్వే చెప్పక్కా అంది.

ప్రార్థనకు కూర్చున్నాను. ప్రార్థనతో గిన్నె నిండదు. లేచి, గోడ మీదుగా పైపు పెట్టి నీళ్ళు నింపాను. కాస్త బ్రెడ్డు వేశాను.

ఎవరికీ చెప్పలేదు. చేసిన పుణ్యం చెప్పుకుంటే పోతుందని మా అమ్మ పెంపకం.

మార్చి 8

రోజూ పెడుతున్నాను. గోడకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు.

మార్చి 16

కుక్క గుమ్మడికాయలా అయింది. మెకానిక్ ఇవాళ తమ్ముడితో గొప్పలు పోయాడట. తన కుక్కది గట్టి పిండమట. రెండ్రోజులకోసారి పెట్టినా చాలట, అదీ సగం వదిలేస్తోందట.

భోజనాల దగ్గర తమ్ముడు ఇది చెబుతుంటే మరదలికి పొలమారింది. చెల్లి కంచంలోకి చూసింది. నేను మంచినీళ్ళు తాగాను. అంతా బయటపడింది. పొద్దున నేను, మధ్యాహ్నం మరదలు, సాయంత్రం చెల్లి, మా లాండ్రీ షాపు మూసొచ్చాక తమ్ముడు. తిలా పుణ్యం తలా పిడికెడు అన్నాడు తమ్ముడు. మరదలు నవ్వి నవ్వి ఎక్కిళ్ళు తెచ్చుకుంది. నాకూ నవ్వాగలేదు. అలా నవ్వి చాలా కాలమైంది.

గిన్నెలు కడుగుతుంటే నవ్వు పోయింది. దాన్ని పట్టించుకోకపోయినా ఏమీ కాదని అతనికి నేర్పింది మేమే. మానేస్తే అది పస్తు. మానకపోతే జన్మంతా గొలుసు.

మార్చి 17

షాపులో ఇస్త్రీ చేస్తూనే వాదన. చెల్లిది పాత మాటే. తమ్ముడు మున్సిపాలిటీకి కంప్లైంట్ ఇద్దామన్నాడు. వాళ్ళు పట్టుకెళ్ళి ఎక్కడ పడేస్తారో అంది మరదలు. గోడ పంచుకుని బతకాల్సింది మనమేనని కూడా అంది.

మా లాండ్రీలో ఒక పద్ధతి ఉంది. మొండి మరక కనిపిస్తే, మందు వేసే ముందు బట్ట ఎవరిదో వాళ్ళకు కబురు పెడతాం. మరకతో పాటు రంగూ పోవచ్చు. ఎంత తొందరైనా అడక్కుండా ముట్టుకోం. మరి ఇతన్ని ఇంతవరకూ ఎవరమూ అడగలేదు. ఆ మాటే అన్నాను.

అయితే నువ్వే వెళ్ళు అన్నారు ముగ్గురూ. నోట్లో నాలుక లేనిదాన్నట, నన్ను చూస్తే ఎవరికీ కోపం రాదట.

మార్చి 18

అతనికి కోపం రానే వచ్చింది. నా కుక్క, నా ఇష్టం, మధ్యలో మీకేంటండీ అన్నాడు. ఇన్నాళ్ళూ దానికి పెట్టింది మేం నలుగురమని చెప్పాను. అంతసేపూ నా ముందు ఊగిన అతని చెయ్యి ఆగిపోయింది. అయితే గట్టి పిండం కాదన్నమాట అన్నాడు, మెల్లగా.

కుక్క కూతురిదట. ఆ అమ్మాయి చదువుకని హాస్టల్లో ఉంది. ఫోన్లో అడిగితే బ్రహ్మాండంగా ఉందంటాడట. ఒకసారి దువ్వబోతే కరిచిందట, అప్పట్నుంచీ దగ్గరికెళ్ళాలంటే భయం. అన్ని అంతస్తుల ఎత్తున తాడు పట్టుకుని వేలాడే మనిషి.

రేపట్నుంచి మేం పెట్టం, మీరే పెట్టాలి అన్నాను. ఆదివారం షాపుకు తీసుకురండి, స్నానం మేం చేయిస్తాం, పట్టుకోవడం మాత్రం మీరే అన్నాను. ఆయన తలుపు వేసుకున్నాడు.

మార్చి 19

పొద్దుట్నుంచీ గోడ అవతల మూలుగు. మరదలు కిటికీ వేసేసింది. తమ్ముడు రేడియో పెంచాడు. అక్క మాట నెగ్గడానికి మూగజీవం మాడాలా అని చెల్లి మరదలితో అంది, నాకు వినపడేలా. ప్రార్థనలో దేవుడి బదులు గిన్నె కనిపించింది. బ్రెడ్డు చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. నీళ్ళు మాత్రం నింపాను. నీళ్ళ గురించి నేను మాట ఇవ్వలేదు.

దీపాలు పెట్టే వేళకు అవతల గిన్నె చప్పుడైంది. తినవే తల్లీ, తిను అంటున్నాడు. కిటికీ దగ్గర నలుగురం దొంగల్లా నిలబడ్డాం. చెల్లి నా భుజం మీద గడ్డం ఆనించింది.

మార్చి 23, ఆదివారం

వచ్చాడు, గొలుసును కరెంటు తీగలా పట్టుకుని. పెద్ద టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పెట్టాం. తమ్ముడు అట్టలన్నీ కత్తిరిస్తూ పోతే లోపల్నుంచి ఇంత చిన్న కుక్క బయటపడింది. అంతా మన తిండే అనుకున్నాం, సగం బొచ్చేనా అంది మరదలు.

మెకానిక్ కళ్ళు మూసుకుని దాని తల పట్టుకున్నాడు. అది ఆయన మణికట్టు నాకింది. కరుస్తోందా అని అడిగాడు. మీరే చూడండి అన్నాను. ఒక కన్ను తెరిచాడు.

తర్వాత కూతురికి వీడియో కాల్ చేశాడు. ఆ పిల్ల ఏడుస్తూ నవ్వుతూ, నాన్నా, స్నానం నీకా దానికా అంది. అప్పుడే కుక్క ఒళ్ళు విదిలించింది. అందరం తడిశాం, రేపు డెలివరీ ఇవ్వాల్సిన తెల్ల చొక్కాలతో సహా. మళ్ళీ ఉతికాం, పాటలు పాడుకుంటూ. ఆయనా పాడాడు. శ్రుతి లేదు.

ఏప్రిల్ 2

పొద్దున్నే తలుపు తీస్తే కుక్క మా గుమ్మంలో పడుకుని ఉంది. మెడ బోసిగా ఉంది. కాసేపటికి మెకానిక్ పరుగున వచ్చాడు, ఒక కాలికే చెప్పు. రాత్రి గొలుసు విప్పింది తనేనట, తెల్లారి కనబడకపోతే వీధులన్నీ వెతికాడట. పిలిచి పిలిచి గొంతు పోయింది. దాన్ని ఎత్తుకుని అలాగే నిలబడ్డాడు.

ఇవాళ ప్రార్థనలో అడగడానికి ఏమీ దొరకలేదు.