గులాబీ బట్టకు జామీను

జనగామ,
ఏప్రిల్ 2010, సోమవారం.

శ్రీయుత రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు, మహబూబాబాద్ దగ్గరి గుండ్లగడ్డ తండా కాపురస్తురాలు, వాల్యా భార్య సుక్కి చెప్పి రాయించుకొనిన అర్జీ.

విషయం: రైలు రోకోనాడు జనగామ స్టేషనులో పోలీసు వారు స్వాధీనం చేసుకొనిన గులాబీ రంగు బట్ట జెండా కాదనియు, అణుబాంబులు వద్దని ఆడవాళ్లు కుట్టిన విన్నపమనియు, దానిని బుధవారం లోపల విడిపించవలెననియు.

అయ్యా,

నాకు అక్షరం రాదు. చెప్పేది నేను, రాసేది ఈ ఊరి బట్టల దుకాణం నిరంజన్ సేటు. బ్యాంకుకు, కరెంటాఫీసుకు అర్జీలు రాసి చేయి తిరిగిన మనిషి. నేను "నా బట్ట నాకియ్యి బిడ్డా" అంటే ఆయన "దయతో ఇప్పించ ప్రార్థన" అని రాస్తున్నాడు. రెండింటికీ అర్థం ఒకటేనట. ఏది తొందరగా పనిచేస్తే తమరు దానిని చదువుకొనగలరు.

1. సదరు బట్ట వివరం ఏమనగా: వచ్చే నెల న్యూయార్కు అనే పట్నంలో దేశాలన్నీ కూర్చుని అణుబాంబులను ఏం చేయాలో మాట్లాడుకుంటాయట. లోకం నలుమూలల నుండి జనం సంతకాలు అక్కడికి పోతున్నాయి. హైదరాబాదు శాంతి సంఘంలో పనిచేసే శ్రావ్య అనే అమ్మాయి సంతకాల కాగితం పట్టుకుని మా తండాకు వచ్చింది. మా ఆడవాళ్లలో సంతకం వచ్చినవాళ్లు లేరు. వేలిముద్రలు వేద్దామంటే మా కమలాబాయి మూతి తిప్పి, "రేషనుకు అదే ముద్ర, అప్పుకు అదే ముద్ర, బాంబుకు గూడ అదేనా" అన్నది. అందువల్ల ఒకే బట్ట మీద మనిషికి ఒక అద్దం బిళ్ల, దాని చుట్టూ ఎవరికి వచ్చిన కుట్టు వాళ్లు కుట్టినాము. భూపాలపల్లిలో బొగ్గుబాయి క్వార్టర్ల ఆడవాళ్లు, బచ్చన్నపేటలో పత్తి ఏరే ఆడవాళ్లు కూడా వచ్చి కూడినారు. ఒకరి కుట్టు ఇంకొకరికి రాదు కాబట్టి దొంగ సంతకం పడే భయం లేదు.

"మన దేశం ఆ ఒప్పందంలో సంతకమే పెట్టలేదు గదా అవ్వా" అని సేటు ఇప్పుడే అడిగినాడు. దేశం పెట్టకుంటే పెట్టకపోనీ, మా తండా పెట్టింది అని రాయమన్నాను. రాసినాడు.

2. ఇంత పట్టుదల ఎందుకు అని తమరు అడుగవచ్చును. శివరాత్రి పోయినంక శ్రావ్య వెంట జపాను నుండి ఫుమియే అనే పెద్దామె మా తండాకు వచ్చింది. నా ఈడు మనిషి. హిరోషిమా మీద బాంబు పడిననాడు బడికి పోయే పిల్ల. మా వాకిట్లో కూర్చుని నా చేతి గాజులు ఒక్కొక్కటే ముట్టి చూసింది. మెడ దాకా గుండీలు, మణికట్టు దాకా చేతులు ఉన్న రైక వేసుకున్నది. "గీ ఎండల గంత పొడుగు చేతులేంది బాయీ, జర మీదికి అనుకో" అని నేనే గుంజినాను. మోచేయి నుండి భుజం దాకా ఉడికిన కందగడ్డ పొట్టు లాగ చర్మం ముడుచుకుని ఉన్నది. ఆమె సిగ్గుపడలేదు. నేను పడ్డాను.

నా గాజు ఒకటి తీసి ఆ చేతికి తొడిగితే సరిగ్గా పట్టింది. "నువ్వు పో, నా మాట నీ ఎనక వస్తది" అని చెప్పినాను. న్యూయార్కు సభ గుమ్మం దగ్గర నిలబడి ఎదురు చూస్తానని ఆమె శ్రావ్య నోట చెప్పించింది. ఆ సభ అయిదేండ్లకు ఒకమారు జరుగునట. మా ఇద్దరి వయసుకు అయిదేండ్లు చాలా దూరపు ఊరు. కాబట్టి ఈసారికే పోవాలి.

3. గులాబీ ఉద్యమం రంగు కాబట్టి ఇది జెండాయే అని పోలీసు వారి వాదన. అయ్యా, ఆ రంగుకు కారణం ఈ అర్జీ రాస్తున్న సేటే. తెలంగాణ ఉద్యమం చూసి ఆశపడి దుకాణం నిండా గులాబీ తాన్లు దింపించినాడు. బచ్చన్నపేట ఆడవాళ్లను పిలవడానికి ఇటు వచ్చినప్పుడు నేను తెల్లది అడిగితే, "తెల్లది మాసిపోతది అవ్వా, గిది తీస్కపో, అగ్గువకు ఇస్త" అన్నాడు. ఈ పేరా రాయనని సేటు కాసేపు కలం పక్కన పెట్టినాడు. ఇదే మాట బజారులో నిలబడి చెప్తానంటే మళ్లీ పట్టినాడు.

4. సంఘటన: బట్టను హైదరాబాదులో శ్రావ్యకు అప్పజెప్పుటకు మానుకోటలో, అనగా మహబూబాబాదులో, రైలెక్కిన నేను, జనగామలో రైలు ఆగిపోయినందున దిగితిని. పట్టాల మీద ఉద్యమం పిల్లలు, ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎదురుగా కోస్తా వైపు నుండి బందోబస్తుకు వచ్చిన పోలీసులు లాఠీలతో నిలబడి ఉన్నారు.

"మీరు లేవండి, మేం లాఠీలు దించుతాం" అని వాళ్ల ఇన్‌స్పెక్టరు.

"మీరు దించున్రి, మేం లేస్తం" అని ఇక్కడి ఉద్యమ నాయకుడు భిక్షపతి.

"ముందు మీరు."

"గదెట్లయితది, ముందు మీరే."

పెద్ద దేశాల మధ్య అరవై ఏండ్లుగా ఇదే నడుస్తున్నదని శ్రావ్య నాకు చెప్పి ఉండె. వాడు ముందు బాంబులు దించాలని వీడు, వీడు ముందు దించాలని వాడు. అంత చదువుకున్నవాళ్లు అట్ల మాట్లాడుతారా అని నేను నమ్మలేదు. జనగామలో కళ్లారా చూసినాను. ఎండ మాత్రం ఇరుపక్షాల నెత్తి మీద ఒక్క తీరుగానే ఉన్నది. మూట విప్పి, బట్ట నాలుగు కొసలు పిల్లల చేత పట్టించి, "ఎవలు ముందైతేంది, మొదలు నీడకు రాన్రి" అన్నాను. ఉద్యమం వాళ్లు నీడకు వచ్చినారు. పోలీసులు నీడకు రాలేదు, బట్టకు వచ్చినారు.

"ఏం జెండా ఇది మామ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"జెండా గాదు నాయినా, అర్జీ."

"అర్జీ అయితే అక్షరాలేవి?"

"సదువుకున్నోనివి, జర దగ్గరికొచ్చి సూడు. నీ ముఖమన్న కనవడ్తున్నదా లేదా?"

అందుకు నవ్విన కానిస్టేబులును కూడా ఆయన కోప్పడినాడు. ఆ కానిస్టేబులు మీద చర్య తీసుకోవద్దని ఇందుమూలముగా కోరడమైనది.

5. బట్ట మాది కాదు అని ఒక మాట రాసియ్యమని నేను భిక్షపతిని అడిగితే, "పోలీసోళ్లు గుంజుకున్న జెండా అంటే మనకెంత పేరు అవ్వా, కొన్నాళ్లు ఉండనీ" అన్నాడు.

"నీ పేరు కోసం నా మాట ఆపుతవా? తెలంగాణ వద్దన్ననారా నేను? పట్టాల మీద మీతోని కూసోలేదా? రేపు వచ్చిన తెలంగాణ మీద ఎవడన్న బాంబేస్తె ఏడ పెట్టుకుంటవు దాన్ని?"

తల గోక్కున్నాడు. రేపు ఠాణాకు వచ్చి సంతకం పెడతానన్నాడు.

6. ఠాణాలో అడిగితే, కేసులో పట్టుబడిన వస్తువు బయటికి పోరాదన్నారు. అయ్యా, ఆనాడు పట్టుబడిన పిల్లలందరూ జామీను మీద ఇండ్లకు పోయి సుఖంగా ఉన్నారు. ఏ నినాదమూ చేయని బట్ట ఒక్కటే లోపల ఉన్నది. దానికి కూడా జామీను ఇప్పించగలరు. పూచీ ఉండువారు నిరంజన్ సేటు, భిక్షపతి, నా పెనిమిటి వాల్యా. "దేశాల కొట్లాట తరువాత, మొదలు మన ఇద్దరు కోడండ్ల కొట్లాట తీర్చు" అని వాల్యా అన్నమాట నిజమే గాని, పూచీకి వస్తాడు. న్యూయార్కు నుండి తిరిగి రాగానే బట్టను వాయిదాకు హాజరు పరుస్తాము.

అదియును చాలదంటే బట్టకు బదులు నన్ను లోపల కూర్చోబెట్టండి. వంట వచ్చును, పాట వచ్చును. అయితే దేశాలన్నీ ఒక మాట మీదికి వచ్చేదాకా ఉండుమంటే మాత్రం కిటికీ ఉన్న గది ఇప్పించవలెను.

బుధవారం పొద్దూకేసరికి శ్రావ్య విమానం ఎక్కుతుంది. గుమ్మం దగ్గర ఒక ముసలామె నా గాజు వేసుకుని నిలబడుతుంది. తమరు నా గోడు చిత్తగించవలెను, ఆలస్యమును చిత్తగించవద్దు.

తమ విధేయురాలు
(ఈ మాట సేటుది. నేను ఎవరికీ విధేయురాలిని కాలేదని వాల్యా సాక్ష్యం.)

సుక్కి, ఎడమ బొటనవేలి ముద్ర.

తా.క.: ఈ అర్జీ మంగళవారం దాకా సేటు జేబులోనే ఉన్నది. ఇవ్వబోయే ముందు బట్టను ఒకసారి చూసుకుందామని ఠాణాకు పోయినాను. పట్టుబడిన వస్తువులు పెట్టే పెట్టెలో అది లేదు. వెనుక పెరట్లో నాలుగు కట్టెలకు కట్టి ఉన్నది. దాని కింద బందోబస్తు పోలీసులు అన్నం తింటున్నారు. లాఠీలు గోడకు ఆనించి ఉన్నాయి. సంతకం పెట్టడానికి పోయిన భిక్షపతి కూడా వాళ్ల నడుమ కూర్చుని తింటున్నాడు. నన్ను చూసి ఇన్‌స్పెక్టరు ఎంగిలి చేత్తో లేవబోయినాడు.

"ఎండగా ఉందని, మామ్మా..."

"కూసో నాయినా. అన్నం ముందటికెల్లి లేవద్దు."

బట్ట ఒక కొసకు ఎవరో చేయి తుడుచుకున్నట్టున్నది, ఆవకాయ నూనె అంటింది. వాళ్ల ఊరి నుండి తెచ్చుకున్నదట. దాని మీద కేసు ఏమీ వద్దు. నేను దానిని ఉతకను. సభలో ఎవరైనా అడిగితే అది పోలీసోళ్ల సంతకమని చెప్పమని శ్రావ్యకు చెప్పి పంపుతాను.

కావున నాలుగో నంబరులో పోలీసులు నీడకు రాలేదని రాయించిన మాటను తమరు కొట్టివేయగలరు. విడుదల ఉత్తర్వు ఈరోజే ఇప్పించండి. అయితే బట్టను మాత్రం వాళ్ల భోజనాలు అయినంకనే విప్పమనండి.