యంత్రానికి జలుబు చేసింది

కుట్టుపని చేసే అమ్మగారికి,

నమస్కారాలు. మా విశ్వవిద్యాలయం చేస్తున్న పరిశోధనలో పాల్గొంటానని ముందుకొచ్చినందుకు కృతజ్ఞతలు. మనిషి లోలోపల ఆలోచించుకునేటప్పుడు మాటల్లో ఆలోచిస్తాడా, బొమ్మల్లో ఆలోచిస్తాడా, లేక ఒక్కోసారి అసలేమీ ఆలోచించడా అన్నది మేం తేల్చుకోవాలనుకుంటున్న సంగతి.

ఈ పార్సెల్లో అగ్గిపెట్టెంత డబ్బా ఉంది. పనిలో ఉన్నప్పుడు మెడలో వేసుకోండి. అది తనకు తోచినప్పుడు కుయ్‌మని మోగుతుంది. మోగగానే, అంతకు ముందు క్షణంలో మీ మనసులో ఏముందో ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి మాకు పంపండి. దాచుకోవద్దు, అందంగా రాయాలనీ చూడొద్దు. ఫోన్లో చెబితే మాట మారిపోతుంది కాబట్టి అన్నీ రాతలోనే కావాలి. రోజూ పడుకునే ముందు డబ్బాకి చార్జింగు పెట్టండి. వైరు కూడా పంపుతున్నాను.

మీ సహకారం కోరుతూ,
పరిశోధక విద్యార్థిని,
భాష–ఆలోచన విభాగం

*

మేడమ్ గారికి,

టైలరమ్మ నమస్కరించి రాసేది. డబ్బా చేరింది. మెడలో వేసుకున్నాను. వచ్చినవాళ్ళందరూ 'ఏమిటమ్మా, గుండెజబ్బా?' అని అడిగిపోతున్నారు.

మొదటిసారి మోగినప్పుడు నా మనసులో ఉన్నది: 'ఈవిడ నడుము రెండంగుళాలు పెరిగింది. చెబితే కొడుతుంది.' ఇది మాటల్లోనే అనుకున్నాను.

రెండోసారి: ఏమీ లేదు. నోట్లో గుండుసూదులున్నాయి. అవి ఉన్నంతసేపూ నేనేమీ ఆలోచించను, ఎక్కడ మింగేస్తానో అని భయం.

మూడోసారి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బ్యాంకులో పనిచేసే ఆవిడ తన కోటు కోసం వచ్చింది. 'రేపు ఖాయమండీ' అన్నాను. అనీ అనగానే మీ డబ్బా కుయ్‌మంది. ఆ కోటు గుడ్డ నేనింకా కత్తిరించనే లేదు. ఆవిడ నా మెడ వంక చూసింది, నా మొహం వంక చూసింది, 'అబద్ధం చెబితే మోగుతుందా అది?' అంది. అప్పుడు నా మనసులో ఉన్నది కూడా రాయమన్నారు గనక రాస్తున్నాను: 'చచ్చాం.'

కొట్లో నాతో పాటు మా అత్తగారు ఉంటుంది. మా ఆయన లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి ఇంట్లోనూ మేమిద్దరమే. ఆవిడకీ నాకూ మాటల్లేవు. పోయిన చలికాలం మామగారి పాత కోటు చింపి మిషను ముందు కుర్చీకి గలీబు కుట్టాను. చిరుగుల కోటే కదా, ఆయన పోయి చాలా కాలమైంది కదా అనుకున్నాను. ఆ రోజు నుంచి ఆవిడ గోడతో మాట్లాడుతుంది. 'ఆకలేసినవాళ్ళు వడ్డించుకోవచ్చు' అని గోడకి చెబుతుంది. 'తిన్నాను' అని నేనూ గోడకే చెబుతాను. మా ఇద్దరి మధ్య పడి ఆ గోడ పెచ్చులూడిపోతోంది.

ఇట్లు,
టైలరమ్మ

తా.క.: అత్తగారు మూలన కూచుని కత్తిరింపు ముక్కలతో పిల్లల బొమ్మలు కుడుతుంది. పొట్టలో దూది, నొక్కితే కూసే బిళ్ళ, అన్నీ పెట్టి ముచ్చటగానే చేస్తుంది. మొహాలు మాత్రం నావేమోనని అనుమానం. అన్నిటికీ మూతి వంకర.

*

టైలరమ్మగారికి,

మీ కాగితాలు అందాయి. గుండుసూదుల ముక్క మా ప్రొఫెసర్‌గారు రెండుసార్లు చదివించుకున్నారు. నోటికి అడ్డం పడితే మనసులో మాట కూడా ఆగిపోతుందా అన్నది చాలా పెద్ద ప్రశ్నట. తనూ నోట్లో గుండుసూదులు పెట్టుకుని చూస్తానంటున్నారు. మేమంతా వద్దని బతిమాలుతున్నాం.

ఒక్క మనవి. డబ్బాకి అబద్ధమూ తెలియదు, నిజమూ తెలియదు. ఆ కోటు దగ్గర మోగడం కేవలం కాకతాళీయం. దయచేసి ఎవరినీ అలా అనుకోనివ్వకండి.

గౌరవంతో,
పరిశోధక విద్యార్థిని

తా.క.: ప్రొఫెసర్‌గారు పెన్సిళ్ళతో సరిపెట్టుకోవడానికి ఒప్పుకున్నారు.

*

అమ్మాయీ,

కింద సంతకంలో విద్యార్థిని అని ఉన్నది ఇప్పుడే చూశాను. చదువుకునే పిల్లవి, నిన్ను మేడమ్ అనడమేమిటి? ఏమనుకోకు.

కాకతాళీయం అన్నావు. ఆ మాట మా వీధికి చెప్పు. బ్యాంకు ఆవిడ అందరికీ టముకు వేసేసింది. ఇప్పుడు జనం బట్టలు కుట్టించుకోవడానికి రావడం లేదు, ఒకళ్ళనొకళ్ళు ఈడ్చుకొచ్చి నా మెడ ముందు నిలబెట్టి మాట్లాడిస్తున్నారు. ఒకావిడ మొగుణ్ణి తెచ్చి 'నిన్న ఎక్కడికెళ్ళావో ఇప్పుడు చెప్పు' అంది. పాపం, ఆయన నోరు విప్పకుండా రెండు చొక్కాలకి కొలతలిచ్చి పోయాడు. బేరం బాగానే ఉంది.

అసలు గొడవ మా కొట్టున్న ఈ అద్దె గది గురించి. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు ఓనరు. ఇది పోతే ఈ వీధిలో నా తాహతుకి ఇంకో గది దొరకదు, మిషను నెత్తిన పెట్టుకుని తిరగాల్సిందే. నిన్న మళ్ళీ వచ్చాడు. 'మా మేనల్లుడికి మందుల కొట్టు పెట్టిస్తున్నానమ్మా, లేకపోతే మిమ్మల్ని పొమ్మంటానా' అన్నాడు. కుయ్! గతుక్కుమన్నాడు. 'అంటే, సొంత మేనల్లుడు కాదు, వరసకి' అన్నాడు. కుయ్! 'వరసకీ కాదులే, తెలిసినవాళ్ళ అబ్బాయి.' కుయ్! చెమట తుడుచుకుని, 'ఫోన్ల కొట్టువాడు రెట్టింపు అద్దె ఇస్తానన్నాడు, నన్నేం చెయ్యమంటావు?' అనేసి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్ళిపోయాడు.

ఆ క్షణంలో నా మనసులో మాటలూ లేవు, బొమ్మలూ లేవు. చప్పట్లున్నాయి. అలాంటివి మీ లెక్కలోకి వస్తాయా?

ఇట్లు,
టైలరమ్మ

తా.క.: డబ్బాకి జలుబు చేసినట్టుంది. మొదటిరోజు గొంతు సన్నగా ఉండేది, ఇప్పుడు బొంగురుపోయింది. మా కొట్టు చెమ్మ పడలేదేమో. నువ్వు పంపిన వైరు మా ప్లగ్గులో పట్టలేదు, అందుకని చార్జింగు పెట్టడం లేదు. అయినా మోగుతూనే ఉంది. గట్టి పిండం.

*

టైలరమ్మగారికి,

మీ ఓనరుగారు మా విభాగానికి వచ్చారు. గుమ్మంలోనే ఆగి, ఈ గదిలో డబ్బాలేమైనా ఉన్నాయా అని అడిగి, లేవన్నాకే లోపలికొచ్చి మాట్లాడారు. తన పరువు పోయిందనీ, డబ్బా సంగతి మేం రాసివ్వాలనీ పట్టుబట్టారు. ప్రొఫెసర్‌గారు సంతకం పెట్టిన కాగితం దీనితో పంపుతున్నాను. అందులో ఉన్నది ఇంతే: 'ఈ పరికరానికి నిజానిజాలు తెలుసుకునే శక్తి లేదు. ఇది మా విభాగం హామీ.' దయచేసి కొట్లో నలుగురూ ఉన్నప్పుడు గట్టిగా చదివి వినిపించండి. అంతటితో ఈ గొడవ సద్దుమణుగుతుంది.

గౌరవంతో,
పరిశోధక విద్యార్థిని

తా.క.: ఓనరుగారు మాట్లాడుతుండగా ప్రొఫెసర్‌గారు పెన్సిలు కొరికేశారు. ఆ క్షణంలో ఆయన మనసులో ఏముందో మా అందరికీ పైకే వినిపించింది.

*

అమ్మాయీ,

సద్దుమణగలేదు. నువ్వు చెప్పినట్టే కొట్టు నిండా జనం ఉన్నప్పుడు గొంతెత్తి చదివాను. 'నిజానిజాలు తెలుసుకునే శక్తి లేదు' దాకా వచ్చానో లేదో, కుయ్! ఒకటే నవ్వులు. 'చదువుకున్నవాళ్ళు కూడా ఇంత అబద్ధం ఆడేస్తారా!' అని బ్యాంకు ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. మీ ప్రొఫెసర్‌గారిని వెనకేసుకొద్దామని చూశాను గానీ నా మాట వినేదెవరు? అది తనకు తోచినప్పుడు మోగుతుందని నువ్వే రాశావు. తోచిందంటే బుర్ర ఉన్నట్టే కదా అంటున్నారు జనం.

ఓనరు గుమ్మం తొక్కడం మానేశాడు. ఖాళీ చెయ్యమనాలంటే లోపలికి రావాలి, లోపలేమో డబ్బా ఉంది. రోడ్డు అవతల నిలబడి చేతులూపుతాడు. నాకేమీ అర్థం కానట్టు నేనూ చెయ్యి ఊపుతాను.

ఇంకో సంగతి, రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. 'మీ అత్తగారు కూతురి దగ్గరికి వెళ్ళిపోతారటగా?' అని బ్యాంకు ఆవిడ అడిగింది. నిజమే, గోడతో అంటుంటే నేనూ విన్నాను. ఉక్రోషం కొద్దీ 'ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. నాకు రెండూ ఒకటే' అనేశాను. అత్తగారు అక్కడే ఉంది. కుయ్‌మంది. ఈసారి మెల్లిగా. కొట్లో ఎవరూ నవ్వలేదు.

అప్పుడు నా మనసులో ఉన్నవి మాటలు కావమ్మాయీ, బొమ్మ. ఆ మూల ఖాళీగా ఉంది. సగం కుట్టిన పిల్లబొమ్మ ఒకటి నేల మీద పడి ఉంది, తియ్యడానికి ఎవరూ లేరు. చాలా బాధేసింది. ఇది రాస్తుంటే ఇప్పుడూ వేస్తోంది.

డబ్బా వెనక్కి పంపమని మాత్రం అడక్కు. అది వెళ్ళిన మర్నాడు నేను రోడ్డు మీద ఉంటాను.

ఇట్లు,
టైలరమ్మ

తా.క.: బ్యాంకు ఆవిడ కోటు ఇంకా కాలేదు. ఇప్పుడు 'ఎప్పుడవుతుందో నాకే తెలీదండీ' అని చెబుతున్నాను. ఇన్నేళ్ళ వృత్తిలో అంత మాట అనడం ఇదే మొదలు.

*

పిన్నిగారికి,

అలా పిలవాలనిపించింది, ఏమీ అనుకోకండి. మీ చివరి కాగితం చదివాక ప్రొఫెసర్‌గారు నోట్లో పెన్సిలు తీసి పక్కన పెట్టారు.

అయినా డబ్బా అడగక తప్పడం లేదు. నాకిచ్చిన గడువు అయిపోయింది. అది తిరిగొస్తే తప్ప నా చదువు పూర్తయినట్టు సంతకం పడదు. మీ గది సంగతి తెలిసి కూడా అడుగుతున్నానంటే నాకే సిగ్గుగా ఉంది.

మీ,
పరిశోధక విద్యార్థిని

*

అమ్మాయీ,

పంపుతున్నాను. నీ నోట్లో మన్ను కొట్టి నా కొట్టు నిలబెట్టుకోలేను. నువ్వు బాగా చదువుకో. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో, ఏడుస్తూ రాశాను.

ఇట్లు,
టైలరమ్మ

తా.క.: డబ్బాకి చిన్న చొక్కా కుట్టి తొడిగాను. జలుబుతో ప్రయాణం చేస్తోంది కదా.

*

పిన్నిగారికి,

డబ్బా క్షేమంగా చేరింది. కానీ ఇది చదివేముందు మీరు కాస్త కూర్చోండి.

ఎన్నిసార్లు మోగిందో ఆ డబ్బా తనలో తానే లెక్క పెట్టుకుంటుంది. తెరిచి చూస్తే మోగింది మూడేసార్లు. మూడూ మొదటిరోజువే. ఆ రాత్రే చార్జింగు అయిపోయి చచ్చిపోయింది. వైరు పట్టలేదని మీరు రాసినప్పుడే నేను గమనించాల్సింది, నా బుద్ధి గడ్డి తిన్నది.

మరి ఓనరుగారి ముందు మోగిందేమిటి? మా హామీపత్రం చదువుతుంటే మోగిందేమిటి? ప్రొఫెసర్‌గారు నిద్రాహారాలు మానేశారు. దయచేసి వెంటనే రాయండి.

మీ,
పరిశోధక విద్యార్థిని

తా.క.: చొక్కా బాగుంది. జేబు కూడా పెట్టారే!

*

చదువుకునే పాపకి,

టైలరమ్మ అత్తగారు ఆశీర్వదించి రాసేది. నీ ఉత్తరం ముందు నా చేతికొచ్చింది. చదివాను. కోడలికి చూపించలేదు. నువ్వూ చెప్పకు.

మోగింది నేనే. బొమ్మ పొట్టలో పెట్టే బిళ్ళ శాలువా కింద పెట్టుకుని నొక్కాను. మొదటిరోజు మీ డబ్బా కూస్తే బ్యాంకు ఆవిడ ఎలా నమ్మేసిందో చూశాను కదా. మర్నాటి నుంచి ఆ డబ్బా నోరెత్తలేదు. ఓనరు వచ్చి మేనల్లుడు, మేనల్లుడు అంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కచెల్లెళ్ళే లేనివాడికి మేనల్లుడెక్కడ నుంచి ఊడిపడ్డాడు? కోడలితో మాటల్లేవు గనక పైకి అనలేను. చేతిలో బిళ్ళ ఉంది, నొక్కాను. ఒకసారి నొక్కాక ఊరుకోవడం కష్టం పాపా, ఆ రుచే వేరు.

కోడలి మీద కోపం లేదా అంటావేమో. ఎందుకు లేదు, ఉంది. కానీ గది పోతే నేనెక్కడ కూచుని అలగను? అలగడానికైనా ఓ మూల ఉండాలి కదా.

మీ ప్రొఫెసర్‌ని క్షమించమను. ఆయన రాసింది నిజమేనని తెలిసే నొక్కాను. ఇక 'నాకు రెండూ ఒకటే' అని కోడలు అన్నప్పుడు నొక్కింది వేరు. అది అబద్ధమని నీకెలా తెలుసని అడుగుతావు. తెలీదమ్మా. అబద్ధమైతే బాగుండునని నొక్కాను.

డబ్బా వెళ్ళిపోయిందని తెలిసి ఓనరు ఫోన్ల కొట్టువాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. వాడు టేపు పెట్టి కొలుస్తుంటే, 'చూడండి, చెమ్మ అన్నది లేదు, గోడలు ఉక్కు' అన్నాడు ఓనరు. డబ్బా లేదన్న ధ్యాసే లేకుండా నొక్కేశాను. ఫోన్లవాడు ఈ గది కథ వినే ఉన్నాడు. గోడ మీద వేలు పెట్టి చూశాడు. పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. ఆ గోడ మా ఇద్దరి వల్ల ఎంత అలిసిపోయిందో వాడికేం తెలుసు? టేపు చుట్టుకుని పోయాడు. ఓనరు బోసిగా ఉన్న కోడలి మెడ వంక చూసి తెల్లబోయి, 'ఉన్నన్నాళ్ళు ఉండమ్మా, అద్దె కూడా పెంచను' అని వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళాడు. ఇప్పుడు గదే మోగుతోందని వీధంతా చెప్పుకుంటున్నారు.

నా మనసులో ఏమున్నదో కూడా మీ చదువుకి కావాలంటే రాసి పంపుతాను. బిళ్ళ నొక్కినప్పుడల్లా దాదాపు ఒకటే మాట: 'తిక్క కుదిరింది.'

ఆశీస్సులతో,
అత్తగారు

తా.క.: బొమ్మల మొహాల గురించి కోడలు నీకు రాసే ఉంటుంది. దాని అనుమానం నిజమే.

ఇంకో తా.క.: అమ్మాయీ, ఇది కోడలు రాసేది. ఈ కవరు అంటించమని గోడకి చెప్పి నా బల్ల మీద పెట్టింది. చదవకుండా ఎవరంటిస్తారు? అయినా డబ్బా వెళ్ళిపోయాక కూడా కుయ్‌మంటే నాకు తెలియదా, నేనేమన్నా ఓనర్నా?

కుర్చీ గలీబు విప్పేసి మామగారి కోటు మళ్ళీ కుట్టాను. గుడ్డ చాలక ఒక చెయ్యి పొట్టిగా వచ్చింది. తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టాను. చాలాసేపు నిమిరింది. తర్వాత గోడ వంక కాదు, నా వంకే చూసి, 'ఆయనకి ఎప్పుడూ చేతులు పొడుగే వచ్చేవి, పొట్టిగా కుట్టినదానివి నువ్వొక్కదానివే' అంది. తిట్టయితేనేం, నాతో అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. 'అత్తయ్యా, నా మీద కోపం పోయినట్టేనా?' అని అడిగాను.

'ఎప్పుడో పోయింది' అంది.

కుయ్!

బొమ్మ మీద కూచున్నానంటోంది. లేచి చూపించమంటే లేవడం లేదు.