వొద్నిక్‌కి వాసన తెలియదు

హొర్నీ బ్రెజీ, ఏప్రిల్ 27

ప్రియమైన లుబోమీర్ బాబాయ్‌కి,

మీ కొత్త తుంటి కీలుకు ముందుగా నా గౌరవ వందనం. అది మీకన్నా మెత్తగా నడుచుకుంటోందని పిన్ని చెప్పింది.

ఇక అధికారిక నివేదిక. మీ నోటుబుక్కులో రాసినట్టే, ఒక్క అక్షరం కూడా మార్చకుండా, శనివారం బీరు కోసం బార్లీ రసం కాచాను. చక్కెర పన్నెండు డిగ్రీలు వచ్చింది. చల్లార్చి, ఈస్ట్ వేసి, నేలమాళిగలో పెట్టి మూత బిగించాను. ఆ నోటుబుక్కు చదువుతుంటే మా యూనివర్సిటీలో నాలుగేళ్ళు నాకు ఎవరూ ఏమీ నేర్పలేదని తెలిసింది. "హాప్స్ పూలు వేసేటప్పుడు మాట్లాడకు" అని మీరు రాసిన పేజీ దగ్గర నేను నిజంగానే నోరు మూసుకున్నాను. పిన్ని భయపడి నా నుదురు పట్టుకుని చూసింది.

మీకు చెప్పకుండా ఒక పని చేశాను. బ్ర్నోలో రెండు వారాలు కూర్చుని నా చేత్తో అతికించిన ఒక గొట్టాన్ని పీపాలో వదిలాను. అరచేయంత ఉంటుంది, లోపల బ్యాటరీ, చిన్న బోర్డు. రసంలో చక్కెర ఎక్కువుంటే ఈ బుల్లి మనిషి పక్కకి వాలి పడుకుంటాడు. ఈస్ట్ చక్కెర తినేకొద్దీ మెల్లగా లేచి నిలబడతాడు. ఎంత వాలాడో చూసి ఎన్ని డిగ్రీలుందో పావుగంటకోసారి నా ఫోనుకి చెబుతాడు. మూత తీయనక్కర్లేదు. కథల్లో చెరువు అడుగున ఒంటరిగా కూర్చునే నీటి భూతం ఉంటాడు కదా, వీడికీ అదే పేరు పెట్టాను, వొద్నిక్ అని. ఆకుపచ్చ కోటు ఒక్కటే తక్కువ.

ఈస్టర్ నాడు మీ పక్కనే పొయ్యి మీద గూలాష్ కూర మాడిపోతుంటే మీరు తల ఎత్తకుండా పేపరు చదివారు. అంతటి ఏకాగ్రత గల మనిషికి నా వొద్నిక్ ఏపాటి అనుకోవద్దు. మన ఊరి అగ్నిమాపక దళం వాళ్ళు మే ఇరవైలోగా బీరు సంగతి తేల్చకపోతే జూన్ పద్నాలుగున దళం నూట ముప్ఫై ఏళ్ళ పండగకి ఫ్యాక్టరీ పీపాలు తెప్పిస్తామంటున్నారు. పిన్ని గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, "ఇరవై ఏళ్ళుగా మా ఆయన పోసింది తాగి ఇప్పుడు ఫ్యాక్టరీది తాగుతారా, సిగ్గు లేకపోతే సరి" అంది. ప్రస్తుతానికి వెనక్కి వెళ్ళారు.

మీ ఆజ్ఞాబద్ధురాలైన
డొరోటా


వైద్యశాల, ఏప్రిల్ 30

ప్రియమైన డొరోటా,

ఫోను చేయవద్దు. పక్క మంచం మీద ఉన్నది మన పక్క ఊరి అగ్నిమాపక దళం ఓతకార్. మోకాలు మార్పించుకున్నాడు, చెవులు మాత్రం పాతవే, బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. బీరు విషయం ఏదైనా ఉత్తరంలోనే రాయి.

నా పీపాలో బ్యాటరీ వేశావు. మీ తాతయ్య బతికుంటే నిన్నూ అందులోనే వేసి మూత పెట్టేవాడు. గొట్టం చెప్పింది నమ్ము, కానీ గొట్టాన్ని మాత్రమే నమ్ముకోకు. గోడ అలమారాలో రెండో అరలో చక్కెర కొలిచే గాజు తేలుడు గొట్టం ఉంది. కింద పడేయకు.

అంకెలు సరే. వాసన రాయి. రోజూ మూత దగ్గరి గాలి బుడగల గొట్టం వద్ద ముక్కు పెట్టి ఏం వస్తోందో ఉన్నదున్నట్టు రాయి. "బాగుంది" అని రాస్తే ఉత్తరం వెనక్కి పంపుతాను.

ఇక్కడ సూప్ నీళ్ళ సూప్. ఓతకార్ మాత్రం సోంపు ఎక్కువైందని గొడవ చేస్తున్నాడు.

నీ బాబాయ్
లుబోమీర్


హొర్నీ బ్రెజీ, మే 6

ప్రియమైన బాబాయ్‌కి,

శుభవార్త రాయాలని కాగితం తీశాను. ఇప్పుడు విషాదవార్త రాస్తున్నాను.

వొద్నిక్ ఎనిమిది రోజులు ఎంత అందంగా లేచాడో చూడాల్సింది. పన్నెండు, పదకొండు, తొమ్మిది, ఏడు, ఐదు. గీత మన కొండ వాలులా దిగింది, ప్రింటు తీసి జత చేశాను. ఈస్ట్ ఏ గంటకి ఆకలి వేసి లేచిందో కూడా అందులో కనిపిస్తుంది. మీరు ఇరవై ఏళ్ళుగా మూత మీద చెవి పెట్టి విన్నది నాకు ఇప్పుడు కంటికి కనిపించింది. మీ చెవి తప్పు చెప్పలేదు బాబాయ్, నోటుబుక్కులో రాసిన గంటలే.

ఆ తరువాత ఐదు దగ్గర ఆగిపోయాడు. మూడు రోజులు. ఐదు, ఐదు, ఐదు. నేను కంగారుపడి పీపాని పిన్ని సాయంతో మెట్లెక్కించి వంటగదిలో పెట్టాను. ఇప్పుడు పదహారు డిగ్రీల వేడిలో ఉంది. పిన్ని, "చలిలో పులియాల్సిన లాగర్ బీరుని పొయ్యి పక్కన పెట్టావని తెలిస్తే ఆయన రెండో తుంటి కూడా విరగ్గొట్టుకుని మరీ పరిగెత్తుకొస్తాడే" అంది. మీ జవాబు రాగానే కొత్త ఈస్ట్ వేద్దామనుకుంటున్నాను. తప్పా?

వాసన: మొదట ఆపిల్, తర్వాత బ్రెడ్డు, నిన్నటి నుంచి క్నెడ్లికి పిండి ఉండల మీద పోసిన కరిగిన వెన్న. ఇది నా ఆకలో బీరో తెలియదు.

అపరాధి
డొరోటా


వైద్యశాల, మే 8

ప్రియమైన డొరోటా,

ఈస్ట్ వేయకు. ఈ ఉత్తరం కోసం ఓతకార్ కూతురిని బతిమాలి ఇవాళ్టి బస్సులో పంపుతున్నాను.

మూత తీసి నీ వొద్నిక్ తల చూడు. నురగ ఎండి అట్ట కట్టి ఉంటుంది. తల మీద బరువు పెడితే ఎవడైనా వాలిపోతాడు. పీపాని పట్టుకుని మెల్లగా ఒక్కసారి ఊపు. తర్వాత గాజు గొట్టంతో కొలువు. నా లెక్క ప్రకారం మూడున్నర లోపు ఉంటుంది. ఇంత మంచి గీత గీసినవాడు ఆకలితో మధ్యలో ఆగడు. ఆ కాగితం గోడకి అంటించుకున్నాను, నర్సు నా గుండె గీత అనుకుని చూసి కంగారుపడింది.

పొయ్యి పక్కన పెట్టడం తప్పే. కానీ వెన్న వాసన ఉన్నప్పుడు నేను చెప్పబోయింది అదే పని. ఆ వెచ్చదనంలో ఈస్ట్ ఆ వెన్నని తనే తినేస్తుంది. వెన్న పూర్తిగా పోయేదాకా చలికి దించకు. అంకె మూడు అన్నా దించకు. వెన్న సంగతి అంకెలో ఉండదు. రోజుకి రెండుసార్లు వాసన చూడు. ఒక గ్లాసు తీసి గోరువెచ్చని నీళ్ళలో పెట్టి కూడా చూడు, దాక్కున్న వెన్న వేడికి బయటపడుతుంది. మీ పిన్ని ముక్కు కూడా అడుగు, కానీ విడివిడిగా, ఒకరి మాట ఒకరు వినకుండా.

ఓతకార్ అన్న ఒక మాట రెండు రోజులుగా నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. అది తర్వాత.

నీ బాబాయ్
లుబోమీర్


హొర్నీ బ్రెజీ, మే 13

ప్రియమైన బాబాయ్‌కి,

మూత తీశాను. వొద్నిక్ తల మీద చెఫ్ టోపీ అంత నురగ అట్ట. ఊపగానే ఊడిపోయి, పాపం, ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. గాజు గొట్టం: మూడు పాయింటు నాలుగు. డెబ్బై కిలోమీటర్ల దూరంలో మంచం మీద పడుకుని పీపాలో ఏముందో చెప్పిన మీకు నేను ఇకపై నిలబడే ఉత్తరాలు రాస్తాను.

వెన్న నివేదిక. తొమ్మిదో తేదీ: కరిగిన వెన్న. పది: వెన్న, కానీ పక్క గదిలో. పదకొండు: నాకు లేదు, పిన్నికి ఉంది. విడివిడిగానే అడిగాను, ఆవిడని పెరట్లో నిలబెట్టి. పన్నెండు ఉదయం, సాయంత్రం, ఇవాళ ఉదయం: ఇద్దరికీ లేదు, వేడి నీళ్ళలో పెట్టినా లేదు. కాల్చిన బ్రెడ్డు అంచు, తడి గడ్డి. అంకె మూడు దగ్గర మూడు రోజులుగా కదలలేదు, ఈసారి తల మీద టోపీ లేకుండానే.

మీ ఉత్తరం చదివి వినిపిస్తే పిన్ని గ్లాసు కింద పెట్టి, "ఆయనకి నిజమే రాయి, మెచ్చుకోలు వద్దు. ఆయనకిప్పుడు నిజమే కావాలి" అంది. తర్వాత ఉల్లిపాయలు లేకుండానే కళ్ళు తుడుచుకుంది.

రేపు చలికి దించుతున్నాను.

డొరోటా


వైద్యశాల, మే 15

ప్రియమైన డొరోటా,

ఓతకార్ నిద్రపోతున్నాడు, అందుకని రాస్తున్నాను.

పోయిన శరత్కాలం పండగలో వాడు మన బీరు తాగాడట. మొన్న సూప్ తాగుతూ, "ఏమనుకోకు లుబోమీర్, అది వెన్న రాసిన బ్రెడ్డులా ఉంది, మర్యాదకి సగం తాగి గడ్డిలో పోశాను" అన్నాడు. మన పీపా సగం ఎందుకు మిగిలిందో నాకు అప్పుడు తెలిసింది. మన ఊరి వాళ్ళు నాకు చెప్పలేదు.

రెండేళ్ళ కిందటి చలికాలం జ్వరం తగ్గాక నాకు వాసన తెలియడం మానేసింది. గూలాష్ దగ్గర అది ఏకాగ్రత కాదమ్మా. సోంపు సూప్ నాకు నీళ్ళే.

పండగలో పీపా తెరిచే ముందు కాచినవాడు మొదటి మగ్గు తాగి, అందులో ఏముందో అందరికీ వినబడేలా చెప్పాలి కదా. రెండేళ్ళుగా మీ పిన్ని ముందే తాగి చూసి చెప్పిన మాట బట్టీ పట్టి చెబుతున్నాను. ఆ శరత్కాలంలో ఆమె జ్వరంతో పడుకుంది. అంతకు ముందు ఏడు చెప్పిన మాటే మళ్ళీ చెప్పాను. చప్పట్లు కొట్టారు.

నిన్ను పరీక్షించడానికి వాసన అడగలేదు. నీ ముక్కు అరువు తీసుకున్నాను. నీ వొద్నిక్ లాంటివాడు నాకు ముందే దొరికుంటే కొంచెం ధైర్యంగా ఉండేవాణ్ణి. వాడికీ వాసన తెలియదు, అయినా నిజాయితీగా పనిచేస్తున్నాడు. నేనే అబద్ధం ఆడాను.

జూన్ పద్నాలుగున మొదటి మగ్గు నువ్వు తాగు. నేను వెనక నిలబడతాను.

నీ బాబాయ్
లుబోమీర్


హొర్నీ బ్రెజీ, మే 19

ప్రియమైన, అతి ప్రియమైన బాబాయ్‌కి,

నాదీ ఒక నేరాంగీకారం. ఈస్టర్ నాడు గూలాష్ మాడినప్పుడు నేను మాడు వాసన పట్టి వంటింట్లోకి వచ్చాను. మీరు పేపరు చదవడం లేదు. పేపరు తలకిందులుగా ఉంది, మీరు పొయ్యి వైపే చూస్తున్నారు, ఏం జరుగుతోందో తెలియక. ఆ రాత్రే బ్ర్నో బస్సెక్కి బోర్డు, బ్యాటరీ కొన్నాను. ముక్కు పనిచేయకపోయినా కంటికి కనిపించే బీరు ఒకటి మీకు ఇవ్వాలనుకున్నాను. ఏకాగ్రత అని రాసింది, అసలు సంగతి మీ అంతట మీరే చెబుతారేమోనని.

వెన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. వొద్నిక్ కూడా కాపాడేవాడు కాదు. అడగాల్సిన ప్రశ్న మీకే తెలుసు.

మొదటి మగ్గు నేను ఒక్కదాన్నే తాగను. నాలుక మీకు ఇంకా పనిచేస్తుంది కదా, చేదు, తీపి, బరువు, చలి మీరు చెప్పండి. వాసన నేను చెబుతాను. ఎందుకలా పంచుకున్నామని అడిగితే ఉన్నదున్నట్టు చెబుదాం. ఓతకార్‌ని కూడా పిలవండి, గడ్డి మీద ఒక కన్నేసి ఉంచుతాను.

దళం వాళ్ళు ఇవాళ వచ్చి ఒక గ్లాసు తాగారు. రెండో గ్లాసు అడిగారు. ఫ్యాక్టరీకి ఫోను చేసి వద్దని చెప్పడానికి పిన్ని వాళ్ళకి మన ఫోనే ఇచ్చింది.

వొద్నిక్‌ని తీసి కడిగి నీళ్ళ జగ్గులో వేశాను. చక్కెర లేని నీళ్ళు కదా, నిటారుగా నిలబడ్డాడు. మీ కొత్త కీలుకి చెప్పండి, జూన్ పద్నాలుగుకి మీరూ అలా నిలబడాలి. నా వెనక కాదు, పక్కన.

మీ ముక్కు,
డొరోటా